అమ్మానాన్నల్తో ఇంగ్లండ్ పల్లెటూళ్ళో నది ఒడ్డు నడక: నేనైతే గోరింగే చెప్తాను

మీరడిగింది నాకర్థమైనంత వరకూ ఇదీ: మీరు రెడింగ్‌కి ఈమధ్యే మారారు, అమ్మగారూ నాన్నగారూ జూన్‌లో మండపేట నించి రెండు నెల్లకి వస్తున్నారు, నాన్నగారికి 68, బాగానే నడుస్తారు, అమ్మగారికి మోకాళ్ళు. లండన్ బస్సు టూర్లు కాకుండా నది పక్కన ఒక మంచి ఇంగ్లీషు పల్లెటూరు, తేలిగ్గా నడిచే దారి కావాలి. నెట్‌లో చూస్తే ప్రతి దారికీ "ఈజీ" అనే రాసుంది, ఏది నమ్మాలో తెలీట్లేదు. చీరతో నడవచ్చా అని కూడా అడిగారు, దానికి చివర్లో వస్తాను.

సూటిగా చెప్పేస్తాను. రెడింగ్ దగ్గర్లోనే థేమ్స్ ఒడ్డున ఉన్న గోరింగ్ అనే ఊరికి వెళ్ళండి. కారొద్దు, ట్రైన్‌లో వెళ్ళండి. గోరింగ్ లాక్ (నదిలో పడవలు దాటే లాకులు) దగ్గర మొదలెట్టి థేమ్స్ ఒడ్డునే గేట్‌హాంప్టన్ రైలు బ్రిడ్జి దాకా నడిచి, వెళ్ళిన దారినే వెనక్కొచ్చేయండి. పోనూ రానూ నాలుగు కిలోమీటర్లు ఉంటుంది, అంతా చదునే, ఎక్కడ అలిసిపోతే అక్కడ వెనక్కి తిరగొచ్చు. ఈ చివరి మాటే అన్నిటికంటే ముఖ్యం, ఎందుకో చెప్తాను.

నేను రెడింగ్‌లో పదమూడేళ్ళుగా ఉంటున్నాను. మా అమ్మానాన్నా, మా అత్తయ్యగారూ మావయ్యగారూ, తర్వాత మా ఆడపడుచు వాళ్ళ అత్తగారు, ఇలా ఏడాదికో జట్టుని ఈ ఊళ్ళ చుట్టూ తిప్పాను. మొదట్లో అందరూ చేసే తప్పే నేనూ చేశాను. వెబ్‌సైట్‌లో "ఈజీ, ఏడు కిలోమీటర్లు, రెండు గంటలు" అని రాసుంటే నమ్మేశాను. అది రాసినవాళ్ళు ఎవరండీ? ఇక్కడి రిటైరైన మనుషులు, డెబ్భై అయిదేళ్ళొచ్చినా బూట్లేసుకుని కుక్కని పట్టుకుని రోజూ ఎనిమిది కిలోమీటర్లు నడిచే బాపతు. వాళ్ళకి ఈజీ అంటే కొండ లేదని అర్థం, అంతే. కంచె మీంచి ఎక్కి దాటే చెక్కమెట్లు నాలుగున్నా, బురద ఉన్నా, మధ్యలో గంటసేపు నడిచినా ఎక్కడా కూర్చోడానికి బల్ల లేకపోయినా వాళ్ళ లెక్కలో ఈజీయే. మనవాళ్ళకి నడక రాక కాదు, మా మావయ్యగారు పాలకొల్లులో రోజూ పొద్దున్నే చెరువు చుట్టూ నాలుగు రౌండ్లు వేస్తారు. కానీ అది చెప్పుల్తో, సిమెంటు దారి మీద, తెలిసిన చోట. ఇక్కడ గడ్డి కింద గుంట ఉందో లేదో తెలీదు, చలిగాలికి మోకాళ్ళు బిగుసుకుంటాయి, దానికి తోడు పిల్లల ముందు "నావల్ల కాదు" అనడానికి మొహమాటం. ఆ మొహమాటమే అసలు సమస్య, నొప్పి పుట్టిన అరగంటకి గానీ చెప్పరు.

అందుకని నేను పెట్టుకున్న రూలు ఒకటే: చుట్టు తిరిగి వచ్చే దారులు వద్దు, వెళ్ళి వెనక్కొచ్చే దారులే. చుట్టు దారి సగం నడిచాక ముందుకైనా వెనక్కైనా అంతే దూరం, ఇరుక్కుపోతారు. వెళ్ళి వచ్చే దారి అయితే పది నిమిషాలు నడిచి ఆపేసినా అది పూర్తయిన నడకే, ఎవరూ ఓడిపోయినట్టు కాదు. "ఇక్కడిదాకా చాలులే, భలే ఉంది" అని వెనక్కి తిరగడానికి వాళ్ళకి ఒక మర్యాదైన దారి ఉంటుంది. అందరికీ ఒకే దారి రెండుసార్లు చూడ్డం బోరు అంటారు గానీ, నదికి ఎదురుగా నడిస్తే ఒకలా, నీళ్ళతోపాటు నడిస్తే ఇంకోలా ఉంటుంది, వెలుగు కూడా మారిపోతుంది.

నా తప్పేంటో కూడా చెప్తాను, మీరు చెయ్యకుండా. గోరింగ్ నించి పాంగ్‌బోర్న్ దాకా ఒక నడక ఉంది, ఏడు కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఒక స్టేషన్లో దిగి ఇంకో స్టేషన్లో ఎక్కేయొచ్చు, అన్ని వెబ్‌సైట్లూ దాన్నే పొగుడుతాయి, నిజంగానే అందంగా ఉంటుంది. కానీ గేట్‌హాంప్టన్ బ్రిడ్జి దాటాక కాస్త దూరంలో దారి నదిని వదిలేసి హార్ట్స్‌లాక్ అడవిలోకి ఎక్కుతుంది, తర్వాత ఒకచోట నిటారుగా లోయలోకి దిగి మళ్ళీ అంత నిటారుగానూ ఎక్కాలి. నేను వచ్చిన మూడో ఏడు మా అత్తయ్యగార్నీ మావయ్యగార్నీ అక్కడికి తీసుకెళ్ళాను, అత్తయ్యగారు కాళ్ళకి బాటా చెప్పులు. ఆ దిగుడు దగ్గర ఆవిడ ఆగి, కిందకి చూసి, "అమ్మాయ్, నేనిక్కడే ఉంటాను, మీరెళ్ళి కారు తీసుకురండి" అన్నారు. కారొచ్చే దారైతే కదా! ఒక పక్క అడవి, ఒక పక్క లోయ, ఫోన్లో సిగ్నల్ వస్తూ పోతూ. చివరికి మావారు ముందు, నేను వెనక, ఆవిడ మధ్యలో, ఒక్కో అడుగు పక్కకి వేసుకుంటూ దిగాం, రెండు గంటల నడక నాలుగున్నర గంటలైంది. ఆ తర్వాత వారం రోజులు ఆవిడ మెట్లెక్కలేదు, ఒక్కమాట కూడా అన్లేదు, అదే ఎక్కువ బాధేసింది. కాబట్టి బ్రిడ్జి దగ్గర వెనక్కి తిరగండి. నాన్నగారు మరీ ఉత్సాహపడితే ఇంకో రోజు మీరూ ఆయనా మాత్రం వెళ్ళండి.

ఇప్పుడు గోరింగే ఎందుకు అంటే. రెడింగ్ నించి డిడ్‌కాట్ వైపు వెళ్ళే స్టాపింగ్ ట్రైన్ ఎక్కితే పావుగంట. స్టేషన్ పేరు గోరింగ్ అండ్ స్ట్రీట్లీ, ఎందుకంటే అవి రెండూళ్ళు, మధ్యలో థేమ్స్. గోరింగ్ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, అవతలి ఒడ్డున స్ట్రీట్లీ బెర్క్‌షైర్‌లో, మధ్యలో బ్రిడ్జి. ఇటుపక్క చిల్టర్న్ కొండలు, అటుపక్క బెర్క్‌షైర్ డౌన్స్, రెండిటి మధ్య సందు చేసుకుని నది వెళ్తుంది, దాన్నే గోరింగ్ గ్యాప్ అంటారు. గోదారి పాపికొండల మధ్య నించి వెళ్ళినట్టు అని మా నాన్నతో అన్నాను. ఆయన చుట్టూ చూసి "పాపికొండలా? ఇవి మన పుట్టల్లా ఉన్నాయే" అన్నారు. నిజమేలెండి, మన గోదారి చూసిన కళ్ళకి థేమ్స్ పెద్ద కాలవలా కనిపిస్తుంది, ముందే చెప్తున్నా, "ఇదేనా థేమ్స్" అని మీ నాన్నగారు కూడా అంటారు, రెడీగా ఉండండి.

స్టేషన్ నించి ఊళ్ళోకి పది పన్నెండు నిమిషాలు. బ్రిడ్జి దాటక్కర్లేదు, గోరింగ్ వైపునే కిందకి దిగితే లాక్ వస్తుంది. ఇక్కడ తొందరపడకండి. మనవాళ్ళకి, ముఖ్యంగా గోదారి జిల్లాల వాళ్ళకి, ఇది చూపించి తీరాలి, ఎందుకంటే ఇవి మన లాకులే. ధవళేశ్వరంలోనూ విజ్జేశ్వరంలోనూ కాలవ మొదట్లో పడవలు దాటడానికి కట్టిన లాకులు చూసిన మనిషికి ఇక్కడేం జరుగుతోందో ఎవరూ వివరించక్కర్లేదు. పడవ లోపలికొస్తుంది, వెనక తలుపులు మూస్తారు, నీళ్ళు వదుల్తారు లేదా నింపుతారు, పడవ దానంతటదే కిందకో పైకో వెళ్తుంది, ముందు తలుపులు తీస్తారు. గోరింగ్‌లో మొదటి లాక్ 1787లో కట్టారు, ఇప్పుడున్నది దాని చోట తర్వాత తిరిగి కట్టింది. మా నాన్నది తణుకు. చిన్నప్పుడు మా తాతగారితో కాలవ పడవ మీద వెళ్ళిన మనిషి. ఆయన ఈ లాక్ గట్టు మీద బల్ల మీద కూర్చుని గంటన్నర కదల్లేదు. తెల్ల చొక్కా వేసుకున్న లాక్‌కీపర్ వచ్చి పలకరిస్తే నాన్నకి ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా, ఆయనకి తెలుగు సున్నా, అయినా ఇద్దరూ చేతుల్తో తలుపులు తెరిచి మూసి, నీళ్ళు ఎంత ఎత్తో చూపించుకుని, నేను టీ కొనుక్కొచ్చేసరికి పాత స్నేహితుల్లా ఉన్నారు. ఆరోజు మేం గేట్‌హాంప్టన్ బ్రిడ్జి దాకా నడవనే లేదు. నేను లెక్కపెట్టుకున్న మంచి నడకల్లో అదొకటి, రెండొందల మీటర్లు నడిచాం.

లాక్ దాటాక దారి గడ్డిలోంచి, నది ఎడంగా పోకుండా పక్కనే వెళ్తుంది. దీన్ని టోపాత్ అంటారు, ఒకప్పుడు సరుకు పడవలకి తాడు కట్టి గుర్రాల్తో లాగించిన గట్టు ఇది. మన కాలవల మీద మనుషులే భుజాన తాడేసుకుని గట్టెమ్మట నడుస్తూ పడవలు లాగేవారు కదా, అదే పద్ధతి, ఇక్కడ గుర్రం. పడవ లాగడానికి చేసిన గట్టు కాబట్టే ఎగుడుదిగుళ్ళు ఉండవు, మోకాళ్ళకి ఇంతకంటే మంచి దారి దొరకదు. కాబట్టి ఏ ఊరైనా సరే, మ్యాప్‌లో దారి నదిని అంటిపెట్టుకుని ఉన్నంతసేపూ ధైర్యంగా నడవండి, నదిని వదిలేసిన చోట ఆగి ఆలోచించండి. పాత రోజుల్లో టోపాత్ ఒక్కోచోట ఒడ్డు మారేది, గుర్రాన్ని బల్లకట్టు మీద అవతలికి దాటించేవారు, ఇప్పుడా బల్లకట్లు లేవు, అందుకే దారి ఉన్నట్టుండి రోడ్డెక్కుతుంది. గోరింగ్‌కి పైన మౌల్స్‌ఫర్డ్ దగ్గర సరిగ్గా ఇదే జరుగుతుంది.

నది ఒడ్డున రెయిలింగ్ ఏమీ ఉండదు, అది గుర్తుపెట్టుకోండి. పిల్లలుంటే చెయ్యి వదలొద్దు, లాక్ పక్కన నీళ్ళు దూకే అడ్డుకట్ట వైపు అసలు వెళ్ళనివ్వద్దు. నీళ్ళు నిద్రపోతున్నట్టుంటాయి గానీ లోపల లాగుతాయి.

అలా అరగంట, ముప్పావుగంట నడిస్తే ఎదురుగా ఎర్రిటికల వంపుల బ్రిడ్జి కనబడుతుంది, అదే గేట్‌హాంప్టన్. లండన్ నించి బ్రిస్టల్‌కి రైలు దారి వేసిన ఇంజినీరు బ్రూనెల్ కట్టించింది, 1838లో మొదలెట్టి 1840కి రైళ్ళు నడిపారు. దాని కిందకెళ్ళి నిలబడి పైకి చూడండి, ఇటికలు నిటారుగా కాకుండా ఏటవాలుగా మెలి తిరిగినట్టు పేర్చి ఉంటాయి, రైలు దారి నదిని అడ్డంగా కాకుండా వాలుగా దాటుతుంది కాబట్టి అలా కట్టాల్సొచ్చింది. మావయ్యగారు పీడబ్ల్యూడీలో చేసి రిటైరయ్యారు, ఆ ఇటికలు చూసి ఫోటోలు తీసుకుని ఇంటికెళ్ళాక కాగితం మీద బొమ్మేసి మరీ మాకు క్లాసు పీకారు. ఆ బ్రిడ్జి నీడలో కాసేపు కూర్చుని, తెచ్చుకున్నది తిని, వెనక్కి.

తిండి సంగతి వచ్చింది కాబట్టి: పులిహోర, దద్దోజనం, ఫ్లాస్కులో టీ, ఇంతకంటే ఆలోచించకండి. బల్లల మీద కూర్చుని తినడానికి ఎవరూ ఏమీ అనరు, ప్లేట్లూ తొక్కలూ సంచీలో వెనక్కి తెచ్చుకోవాలి అంతే, దారిలో చెత్తబుట్టలుండవు. పబ్ బయట బల్లలు మాత్రం వాళ్ళవి, అక్కడ కూర్చుని మన డబ్బా విప్పితే బాగోదు. ఊళ్ళో కేఫ్‌లో స్కోన్ తినిపించండి, మా అమ్మ "ఇది ఉప్పు లేని బిస్కట్టు, పైన వెన్న మాత్రం బాగుంది" అని తీర్పు చెప్పింది. పబ్లిక్ టాయిలెట్ ఊళ్ళో కార్ పార్క్ దగ్గరే, నడక మొదలెట్టే ముందే వెళ్ళొచ్చేయండి, ఆ తర్వాత దారంతా ఏమీ లేదు. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ ఆడవాళ్ళు బయటికెళ్ళాలంటే దీనికోసమే నీళ్ళు తాగడం మానేస్తారు, తర్వాత కళ్ళు తిరుగుతాయి. షుగర్ ఉన్నవాళ్ళకైతే జేబులో రెండు బిళ్ళలు గ్లూకోజ్.

మీరు "పొలాల్లోంచి వెళ్ళొచ్చా, ఎవరైనా అరుస్తారా" అన్నారు. మన దగ్గర పుంత ఉంటుంది చూడండి, గుంటూరు వైపు డొంక అంటారు, పొలాల మధ్య నించి ఊరందరూ నడిచే దారి, ఎవడి పొలం పక్కనున్నా అది ఎవడిదీ కాదు. ఇక్కడ పబ్లిక్ ఫుట్‌పాత్ అంటే అదే, తేడా ఏంటంటే ఇక్కడ అది కాయితాల మీద గట్టిగా రాసిపెట్టుంది. 1949లో చట్టం చేసి ప్రతి కౌంటీ (మన జిల్లా లాంటిది) తన దారులన్నీ మ్యాప్ మీద గీయాలన్నారు, ఆ గీత ఉన్నంతకాలం భూమి ఎవరిదైనా మీరు నడవచ్చు. మన పుంతలకి అలాంటి మ్యాపు ఉండుంటే సగం ఆక్రమణలు జరిగేవి కావు అని మావయ్యగారు నిట్టూర్చారు. బాణం గుర్తులు స్తంభాల మీద ఉంటాయి: పసుపు బాణం అంటే మనుషులు నడిచే దారి, నీలం అంటే గుర్రాలూ సైకిళ్ళూ కూడా వస్తాయి. ఓక్ కాయ బొమ్మ ఉంటే నేషనల్ ట్రయిల్, అంటే జాతీయ స్థాయి పొడవాటి నడక దారి, మీకు గోరింగ్‌లో రెండు అలాంటివి కలుస్తాయి, థేమ్స్ పాత్ ఒకటి, కొండల మీంచి వచ్చే రిడ్జ్‌వే ఒకటి, ఆ రెండోది 87 మైళ్ళు. పేపర్ మ్యాప్ ఇష్టముంటే ఓఎస్ (ఆర్డ్‌నెన్స్ సర్వే, ఇక్కడి సర్కారీ మ్యాపుల సంస్థ) వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ 171 కొనండి, గోరింగ్ దాన్లో ఉంటుంది, ఆకుపచ్చ చుక్కల గీతలే ఫుట్‌పాత్‌లు. నాన్నగారి చేతికిచ్చేయండి, ఆయనే గైడు అయిపోతారు, మొదటి అరగంట నస తగ్గుతుంది.

గేటు ఎలా ఉంటే అలా వదిలెయ్యాలి, మూసుంటే మళ్ళీ మూయండి, తెరిచుంటే తెరిచే ఉంచండి, పశువులకి నీళ్ళకోసం కావాలనే తెరిచి పెడతారు.

ఆవుల గురించి మాత్రం ఇంట్లోనే చెప్పి బయల్దేరండి. నవ్వుకోకండి, ఇది నేను చూసిన పెద్ద ప్రమాదం. గడ్డి మైదానంలో ఆవులు తిరుగుతుంటే మా అత్తయ్యగారు "గోమాత" అని నేరుగా వెళ్ళి వీపు నిమిరి కళ్ళకద్దుకోబోయారు. మన ఇంటి ముందు ఆవు రోజూ మనిషి చేతి అరటిపండు తినే ఆవు, ఇక్కడివి మందలో పెరిగినవి, మనిషి దగ్గరికొస్తే బెదురుతాయి, దూడ పక్కనుంటే మీదకొస్తాయి. ఆవుకీ దూడకీ మధ్యలోంచి అస్సలు వెళ్ళొద్దు, ఎడంగా, తొందరపడకుండా, చుట్టూ తిరిగి వెళ్ళండి, పరిగెత్తకండి. నమస్కారం దూరం నించే పెట్టుకోమనండి, చేరుతుంది.

ఇంకోటి నెటిల్. మన దురదగొండి లాంటిదే, నడుం ఎత్తున దారి పక్కనంతా ఉంటుంది, జూన్ జూలైల్లో బాగా పెరుగుతుంది, చేతులు ఊపుకుంటూ నడిస్తే తగుల్తుంది, కాసేపు మంట, కంగారేం లేదు. ఆగస్టు ఆఖర్లో కూడా ఉంటే కంచెల మీద బ్లాక్‌బెర్రీలు నల్లగా పండుతాయి, కోసుకు తినొచ్చు, ఎవరూ ఏమనరు. కుక్కలు చాలా వస్తాయి, తాడు లేకుండా. అమ్మగారికి భయమైతే కుక్క యజమానికి చెయ్యెత్తి చూపిస్తే చాలు, పిలిచేసుకుంటారు.

గోరింగ్ అయ్యాక ఇంకో రెండు మూడు చోట్లు, గబగబా చెప్తాను.

పాంగ్‌బోర్న్ గోరింగ్‌కి ఒక స్టేషన్ ముందే. స్టేషన్ నించి పది నిమిషాలు నడిస్తే నది పక్కన పెద్ద పచ్చిక మైదానం, నేషనల్ ట్రస్ట్ (పాత కట్టడాల్నీ అందమైన చోట్లనీ కాపాడే సంస్థ) వాళ్ళది, అమ్మగారికి బాగా నొప్పిగా ఉన్న రోజు ఇక్కడికి తీసుకెళ్ళి దుప్పటి పరిచేయండి. పక్కనే విచర్చ్ ఊరికి వెళ్ళే తెల్ల ఇనప బ్రిడ్జి, ఇప్పటికీ కార్లకి టోల్ కట్టాలి, నడిచేవాళ్ళకి ఫ్రీ. సానింగ్‌కి రెడింగ్ నించే నది ఒడ్డున నడవచ్చు, థేమ్స్ వ్యాలీ పార్క్ అనే ఆఫీసుల సముదాయం పక్కనించి దారి. మన కుర్రాళ్ళలో సగం మంది ఏదో ఒకప్పుడు పనిచేసిన ఆఫీసులు అవి, "నాన్నా అదిగో నా ఆఫీసు" అని చూపించుకోవచ్చు, అవి దాటాక ఊరొచ్చేస్తుంది, పాత ఇటికల బ్రిడ్జి ఉంది. చదునే గానీ స్టేషన్ నించి లెక్కేస్తే వెళ్ళడానికే అయిదు కిలోమీటర్లు, కాబట్టి సగంలో వెనక్కి రండి. ఇక స్ట్రీట్లీ పైన లార్డన్ చేజ్ అని కొండ, అక్కణ్ణించి చూస్తే నది మెలికా రెండూళ్ళూ అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తాయి. కింది నించి నడిచి ఎక్కడం చాలా నిటారు, అస్సలు వద్దు. కారుంటే కొండ పైనే నేషనల్ ట్రస్ట్ కార్ పార్క్ ఉంది, అక్కడ దిగి అయిదు నిమిషాలు నడిస్తే చాలు, సాయంత్రం పూట వెళ్ళండి, జూన్‌లో తొమ్మిది దాటాకే పొద్దుగూకుతుంది.

కారున్న రోజు ఇంకో చోటుంది, నడక తక్కువ గానీ మీ అమ్మగారికి ఇది అన్నిటికంటే నచ్చొచ్చు. గోరింగ్ నించి ఇరవై నిమిషాల్లో స్టోక్ రో అని కొండమీది పల్లె. ఆ ఊరి నడిమధ్యలో బంగారు రంగు గుమ్మటం కింద ఒక బావి, దాని గిలక మీద బంగారు ఏనుగు బొమ్మ. అది కాశీ మహారాజు తవ్వించిన బావి. ఈ ప్రాంతం నించి వెళ్ళి కాశీ వైపు కంపెనీ కొలువులో చేసిన ఎడ్వర్డ్ రీడ్ అనే ఆయన, మా ఊళ్ళ దగ్గర నీళ్ళకి ఎంత కటకటో, ఇంట్లో ఆఖరి చెంబు నీళ్ళు తాగేసినందుకు ఒక పిల్లాణ్ణి తల్లి కొట్టిందని మహారాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌కి చెప్పాడట, ఆయన అది మనసులో పెట్టుకుని డబ్బిచ్చి తవ్వించారు. 1864లో తెరిచారు. లోతు 368 అడుగులు, వెడల్పు నాలుగడుగులే, అంతా చేత్తో తవ్విందే. సుద్దరాయి నేల కాబట్టి వాననీళ్ళు పైన నిలవవు, ఇంకిపోతాయి, కొండ మీద నీళ్ళు కావాలంటే అంత లోతుకి వెళ్ళాల్సిందే. మా అత్తయ్యగారు కాశీ వెళ్ళొచ్చిన రెండో ఏడు ఇది చూశారు. బావి చుట్టూ మూడుసార్లు తిరిగి, "ఆకలేసినవాడికి అన్నం, దాహమేసినవాడికి నీళ్ళు, తెల్లోడైతే ఏంటి నల్లోడైతే ఏంటి" అన్నారు, ఇండియాకి ఫోన్ చేసి వాళ్ళ చెల్లెలికి లైవ్‌లో చూపించారు.

అలాగే మీది మండపేట అన్నారు కాబట్టి ఇది చెప్పకపోతే పాపం. రెడింగ్ నించి గాట్విక్ వైపు వెళ్ళే ట్రైన్ ఎక్కితే గంటలో డోర్కింగ్. మన కాటన్ దొర సమాధి అక్కడే ఉంది, డోర్కింగ్ సెమెట్రీలో. ధవళేశ్వరం ఆనకట్ట 1847 నించి 1852 దాకా కట్టించిన మనిషి, ఇక్కడే 1899లో పోయారు. గోదారి స్నానం సంకల్పంలో ఆయన పేరు చెప్పుకునే పంతుళ్ళున్న ఊళ్ళ నించి వచ్చి, గంట దూరంలో ఉండి ఆయన్ని చూడకుండా వెళ్ళడమేంటి. మా నాన్న ఇంటి నించి ఒక చిన్న సీసాలో గోదారి నీళ్ళు తెచ్చారు, విమానంలో సూట్‌కేసులో పెట్టి, నాకు ముందు చెప్పలేదు. ఆ రాయి మీద చిలకరించి చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేనూ ఏం మాట్లాడలేదు. ఆ పక్కనే మోల్ అని చిన్న నది ఉంది, బాక్స్ హిల్ అండ్ వెస్ట్‌హంబుల్ స్టేషన్ నించి పదిహేను నిమిషాలు నడిస్తే నదిలో వరసగా పదిహేడు రాళ్ళు పరిచి ఉంటాయి, వాటి మీంచి గెంతుకుంటూ దాటొచ్చు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి దగ్గర్లోనే మామూలు కాలిబ్రిడ్జి ఉంది. వానలు పడ్డాక రాళ్ళు మునిగిపోతాయి, అప్పుడు దిగొద్దు. బాక్స్ హిల్ కొండ ఎక్కమని అందరూ అంటారు, వినకండి.

డబ్బుల విషయం: అరవై దాటినవాళ్ళు పాస్‌పోర్ట్ చూపించి స్టేషన్లో సీనియర్ రైల్‌కార్డ్ తీసుకోవచ్చు, టూరిస్టులైనా ఇస్తారు, టికెట్లో మూడో వంతు తగ్గుతుంది. మీరు ముగ్గురో అంతకంటే ఎక్కువో కలిసి రద్దీ లేని టైంలో వెళ్తే ఈ లైన్లో గ్రూప్‌సేవ్ అని అదే మూడో వంతు కార్డు లేకుండానే తగ్గిస్తారు, కాబట్టి మీ నలుగురికీ ఇదే లాభం, రెండూ కలిపి వాడటం కుదరదు. ఆదివారాలు పట్టాల పని పేరుతో ట్రైన్లు బదులు బస్సులు పెడతారు, ముందురోజు రాత్రి యాప్‌లో చూసుకోండి. ఫోన్లో వాట్ త్రీ వర్డ్స్ యాప్ వేసుకోండి, పొలం మధ్యలో ఏదైనా అయితే 999కి (ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు) ఫోన్ చేసి ఆ మూడు మాటలు చెప్తే మీరెక్కడున్నారో వాళ్ళకి తెలిసిపోతుంది, "చెట్టు పక్కన" అంటే ఎవరికి తెలుస్తుంది. మీ అమ్మగారి మందుల చీటీ, ఇన్సూరెన్స్ కాయితం ఫోటో తీసి అదే ఫోన్లో పెట్టుకోండి.

వాళ్ళొచ్చిన మొదటి నాలుగు రోజులు నడకలేమీ పెట్టుకోవద్దు, నిద్ర సర్దుకోవాలి. ఆ నాలుగు రోజుల్లో బూట్లు కొనేసి ఇంట్లోనే వేసుకు తిరగమనండి, కొత్త బూట్లతో నేరుగా నది గట్టు మీదకి తీసుకెళ్తే బొబ్బలే. అడుగున గ్రిప్ ఉన్న మామూలు ట్రైనర్స్ చాలు. అర సైజు పెద్దవి కొనండి, మందం సాక్సు పడతాయి.

చీర సంగతి. నడవచ్చండీ, శుభ్రంగా నడవచ్చు. కాటన్ చీర కుచ్చిళ్ళు రెండంగుళాలు పైకి కట్టుకుని, లోపల లెగ్గింగ్స్, సాక్సు, ట్రైనర్స్. కొంగు నడుంకి దోపేసుకోవాలి, లేకపోతే ముళ్ళకంచెలకి పట్టేస్తుంది, మా అమ్మ మంగళగిరి చీర ఒకటి అలాగే పోయింది. జూన్ అయినా స్వెట్టరు ఉండాల్సిందే, నీళ్ళ మీది గాలి వేరు. మా అత్తయ్యగారు ఇప్పుడు చీర మీద మావారి ఎర్ర రెయిన్‌కోటు, తలకి మంకీ క్యాప్, చేతిలో వాకింగ్ స్టిక్కు, అలా గోరింగ్ గట్టు మీద నడుస్తుంటే ఎదురొచ్చిన ముసలావిడ ఆగి చీర బోర్డరు పట్టుకుని చూసి మెచ్చుకుంది. ఇద్దరూ కాసేపు మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు, ఎవరి భాషలో వాళ్ళు.